మెట్టుగూడ ఫైలు

జూన్ 9, సోమవారం

ధరణి ఫోన్ చేసింది. క్యాంపస్ ఆర్కైవ్‌లో పూర్ణిమ కూర్చున్న కుర్చీలో ఇప్పుడు ఆమె కూర్చుంటోంది. మళ్ళీ పరామర్శేమో అనుకున్నాను. కాదు.

"రత్నకుమార్ సార్, మేడమ్ సద్దు నడుస్తలేదు."

ఫిబ్రవరిలో పూర్ణిమ పోయాక ఆ పేరు ఎవరి నోటా వినలేదు. నేనూ అనలేదు.

ల్యాబ్ కంప్యూటర్లన్నిటికీ పైథాన్ కొత్త వెర్షన్ ఎక్కిస్తున్నారట. ఎక్కించిన చోటల్లా సద్దు మొదటి వరుసలోనే ఆగిపోతోంది. పూర్ణిమ అందులో వాడుకున్న పాత మాడ్యూల్, పైథాన్ భాషతో పాటే వచ్చే రెడీమేడ్ కోడ్ ముక్క, ఒకటి ఉంది. కొత్త వెర్షన్‌లో దాన్ని తీసేశారు.

"ఎవలను అడగాలె సార్? పేజీ మీద మేడమ్ పేరు, మీ పేరు. గంతే ఉన్నయి."

"చూస్తాను" అన్నాను.

ఏం చూస్తాను? నేను ముప్పై ఏళ్ళు గణాంకశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి.


జూన్ 10

సద్దు అంటే ఏమిటని ఎవరడిగినా పూర్ణిమ ఒకటే చెప్పేది. "పొడుగు రికార్డింగ్ ఇస్తే, మాట యాడ ఆగిందో చూసి గాడ కోస్తది. గంతే." ఆ గంతే కోసం పదేళ్ళకు పైగా కూర్చుంది. జీతానికి కాదు. పాటలు పాడిన, కతలు చెప్పిన ముసలివాళ్ళ టేపులు ఆర్కైవ్‌లో గుట్టలుగా ఉండేవి. బయట దొరికే సాఫ్ట్‌వేర్లు వాళ్ళు ఊపిరి పీల్చిన చోటల్లా కోసేసేవి. కోపం వచ్చి తనే రాసుకుంది. రాసి, ఎవరైనా వాడుకోండి, లోపల చూడండి, మార్చుకోండి అని నెట్‌లో పెట్టింది. ఎక్కడెక్కడివాళ్ళో వాడుకున్నారు. మణిపూర్ నుంచి ఒకాయన జోలపాటల కోసం వాడుతున్నానని రాస్తే, ఆ రోజు మా ఇంట్లో పాయసం.

నా పేరు రెండోది. ఒకరి దగ్గరే తాళంచెవి ఉండకూడదని పెట్టింది.

"నీకొకటి ఇస్తున్న సారూ. తలుపు తియ్యమని కాదు."

తియ్యలేదు.


జూన్ 14

ఆమె ల్యాప్‌టాప్ తెరిచాను. అందులో పాత వెర్షనే ఉంది. సద్దు చక్కగా నడిచింది. నడిచేముందు ఒక హెచ్చరిక వచ్చింది: ఈ మాడ్యూల్‌ను ముందు ముందు తీసేయబోతున్నాం, జాగ్రత్త పడండి. నడిపినప్పుడల్లా కనబడేదే. ఒకసారి అడిగాను, దాని సంగతేమిటని.

"టైమున్నది లే. చెప్పి మరీ పోతున్నరు చూడు. మర్యాద ఉన్నోల్లు."

అప్పుడు ఇద్దరం నవ్వాం.

ఇవాళ ఒక వరుస చేర్చాను. పాత వెర్షన్ ఉన్న కంప్యూటర్‌కే సద్దు ఎక్కుతుంది. కొత్తది ఉంటే మొదట్లోనే నిరాకరిస్తుంది. అలా చేస్తే కనీసం ఎక్కించుకున్నాక ఆగిపోదు. ఆమె రాసినదాంట్లో అక్షరం కూడా ముట్టుకోలేదు. ధరణికి మెయిల్ పెట్టాను: సమస్య తీరింది, పాత వెర్షనే వాడండి.

తీరింది.


జూన్ 15, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి కరుణాకర్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పూర్ణిమ తమ్ముడు. ప్రతి ఆదివారం బౌద్ధనగర్ నుంచి క్యారేజీలో మటన్ తెస్తాడు. తినేదాకా కదలడు.

"ఏంది బావా, మల్ల సన్నగైనవ్?"

"పోయిన వారం కూడా ఇదే అన్నావు."

"పోయిన వారం గూడ సన్నగనే ఉంటివి."

బల్ల మీద ల్యాప్‌టాప్ చూశాడు.

"అక్క ఉన్నప్పుడు దాన్ని నా సవతి అంటుంటివి. ఇప్పుడు నువ్వే దాని ముంగట కూసున్నవ్."

"పనుంది."

"రిటైరైనోనికి పనేంది బావా? నాకు సెప్పు, నేను గూడ రిటైరైత."

వెళ్తూ పెద్దమ్మ అడుగుతోందన్నాడు. వాళ్ళ అమ్మకు అక్క. వాళ్ళ అమ్మ పొలం విడిచి రాలేకపోతే, పూర్ణిమ చదువంతా మెట్టుగూడ రైల్వే క్వార్టర్‌లో ఆ పెద్దమ్మ దగ్గరే సాగింది. ఫిబ్రవరి తర్వాత నేను అటు వెళ్ళలేదు. బోనాలకు వస్తానన్నాను. బోనాలు ఇంకా దూరం.


జూన్ 19

ధరణి జవాబు. ఒక్క వాక్యం.

"సార్, తాళం తియ్యమంటే ఇంకో తాళం ఏసిన్రు."


జూన్ 26

క్యాంపస్‌కు వెళ్ళాను. తార్నాక నుంచి నడిచే వెళ్ళాను. చెట్ల కింద పోటీ పరీక్షల పిల్లలు అలాగే ఉన్నారు, పుస్తకం ఒళ్ళో, ఫోను పుస్తకంలో. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కొత్త పెళ్ళివాళ్ళ ఫొటోలు తీస్తున్నారు. సాయంత్రాలు మేము ఆ మెట్ల పక్కన పల్లీలు తింటూ కూర్చునేవాళ్ళం. ఫొటోల కోసం మమ్మల్ని లేవమనేవాళ్ళు. పూర్ణిమ లేచేది కాదు. "మేం గూడ పడ్తం, మంచిగుంటది" అనేది. ఎవరెవరి పెళ్ళి ఆల్బమ్‌లలోనో వెనకాల మేమిద్దరం పల్లీలు ఒలుస్తూ ఉంటాం.

ఆమెను మొదట చూసింది కూడా ఇక్కడే. ఆర్కైవ్ వాళ్ళకు గణాంకాలు చెప్పమని విద్యానగర్‌లో నేను పనిచేసే కాలేజీ నుంచి పిలిచారు. మూడో రోజో నాలుగో రోజో వెనక బెంచీ నుంచి ఒక గొంతు.

"సార్, మీరు ఏ లెక్కిచ్చినా ముందుగాల సగటు తీసేస్తున్నరు. సగటు మీకేం పాపం చేసింది?"

క్లాసంతా నవ్వింది. సగటు చుట్టూ అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో చూడాలంటే ముందు సగటును తీసేయాలి, అది పద్ధతి, అని చెప్పాను. పెళ్ళయ్యాక కూడా వదల్లేదు. కూరగాయలు తక్కువకు బేరమాడి తెస్తే, "సగటు తీసేసినవా సారూ?" అనేది.

ల్యాబ్ చూసే శశిభూషణ్ చాయ్ తెప్పించాడు. మంచివాడే.

"మేడమ్ అంటే మాకెంత గౌరవమో మీకు ఎరుకే సార్. గని కొత్త వెర్షన్ తప్పది. ఆగస్టు ఫస్టుకు అన్ని మారాలె. గప్పటికి సద్దు నడిస్తే ఉంటది. లేకుంటే వేరే దానికి పోతం. మల్ల మేడమ్ పేజీ మీద గూడ పెట్టాలె సార్, ఇది ఆగిపోయింది, ఎవరూ చూస్తలేరు అని. తెల్వక వాడెటోల్లు పరేషాన్ కావద్దు గద."

తీసేసిన మాడ్యూల్‌ను ఎవరో బయట విడిగా కాపాడుతున్నారట. దాన్ని ఎక్కించుకుంటే చాలంది ధరణి. బయటి ప్యాకేజీ ఒక్కటి చేర్చాలన్నా అనుమతి వచ్చేసరికి దసరా అయిపోతుందన్నాడు శశిభూషణ్.

ధరణి మెట్ల దాకా వచ్చింది.

"వేరే సాఫ్ట్‌వేర్ అంటే మల్ల ఊపిరి తీసిన చోట కోస్తది సార్. మొదటికి వస్తం."

"నేను ప్రోగ్రామర్ని కాదమ్మా."

"మేడమ్ గూడ హిస్టరీ ఎమ్మేనే సార్."


జూన్ 27

ఆగిపోయింది. ఎవరూ చూడటం లేదు.

ఆమె పేరు కింద ఆ మాటలు. పెట్టనివ్వను.


జూలై 2

చదివాను. అర్థం కానిచోట మళ్ళీ చదివాను. ఆమె కోడ్ ఆమె మాట్లాడినట్టే ఉంది. చిన్న చిన్న వరుసలు, ఒక్కో వరుస ఒక్కో పని.

తీసేసిన మాడ్యూల్‌ను వాడింది ఒక్క చోటే. రికార్డింగ్‌ను చిన్న ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కలో ధ్వని ఎంత గట్టిగా ఉందో ఒక అంకె అడుగుతుంది. ఆ అంకె ఒక గీత కిందికి దిగి, కాసేపు అక్కడే ఉంటే నిశ్శబ్దం. నిశ్శబ్దం దగ్గర కోత. ఆ అంకె నేనే లెక్క కట్టి ఇవ్వగలిగితే పాత మాడ్యూల్‌తో పని లేదు.

ఆ గీత ఎక్కడ పెట్టాలో ఆమె చెవితో తేల్చేది. ఆదివారం మధ్యాహ్నాలు బాల్కనీలో ఒకే ఇయర్‌ఫోన్, ఒక కొస నా చెవిలో, ఒక కొస ఆమె చెవిలో. ఎవరో ముసలాయన గొర్రెల గురించి చెబుతుండేవాడు. ఆమె ప్రతి వాక్యానికీ "ఊఁ" అనేది, ఆయనకు వినబడుతున్నట్టు. నేను అనేవాణ్ణి కాను.

"ఊఁ కొట్టవేంది సారూ? వింటున్నవా?"

"వింటున్నాను."

"నాకెట్ల తెలువాలె?"

మా ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే నోరు మూసుకుని వినడం మర్యాద. మా నాన్న పాస్టర్ కూడా. వాళ్ళింట్లో ఊఁ కొట్టడం మర్యాద. ఈ వాదన ఎప్పుడూ తేలలేదు.


జూలై 3

ఆ పాత వరుస తీసేయలేకపోయాను. ముందు ఒక గుర్తు పెట్టి కామెంటు చేశాను. కంప్యూటర్ దాన్ని చదవదు. నాకు కనబడుతుంది. తీసేసినట్టు కాదు.


జూలై 8

లెక్క రాశాను. అంకెలన్నీ తీసుకో. సగటు తీసేయి. మిగిలినవాటి వర్గాలు, ఆ వర్గాల సగటు, వర్గమూలం. బోర్డు మీద ఎన్ని వేల సార్లు రాశానో. చేతికి తెలుసు.

కొత్త వెర్షన్ మీద సద్దు లేచింది. హెచ్చరిక లేదు. నిశ్శబ్దంగా లేచింది.

చాయ్ పెట్టుకుని రెండు కప్పుల్లో పోశాను. రెండోది కూడా నేనే తాగాను.


జూలై 9

ఏ మార్పు చేసినా పాత ఫలితాలు మారలేదని చూసుకోవడానికి ఆమె పరీక్షలు రాసి పెట్టింది. ఒక్కో పరీక్షకూ ఒక రికార్డింగ్, దాన్ని ఎన్ని ముక్కలు చేయాలో ఒక అంకె. అన్నీ నెగ్గాయి. ఒక్కటి తప్ప.

మెట్టుగూడ. ఒకటి రావాలి. రెండు వచ్చాయి.

ఆ ఫైలు నాకు తెలుసు. పూర్ణిమ చేసిన మొట్టమొదటి రికార్డింగ్ అదే. చెక్క పెట్టెలాంటి పాత టేప్‌రికార్డర్ ఒళ్ళో పెట్టుకుని పెద్దమ్మ మాటలు పట్టింది. సద్దు రాయడానికి కారణం కూడా ఆ ఫైలే. వేరే సాఫ్ట్‌వేర్ దాన్ని రెండు చేసిందని గిన్నెలు ఎత్తి పడేసింది ఆ రోజు. "గాడ కొయ్యొద్దు. పెద్దమ్మ మాట అయిపోలే ఇంక!"

అంకెలు తీసి చూశాను. ఆ టేప్‌రికార్డర్‌లో ఒక లోపం ఉంది. ఎవరూ మాట్లాడకపోయినా అంకెలు సున్నా దగ్గర ఉండవు, కొంచెం పైన ఉంటాయి, వంకరగా తగిలించిన ఫొటోలాగా. ఆమె లెక్కలో ఆ వంకర కూడా ధ్వనిలో కలిసిపోయింది. అందుకే నిశ్శబ్దం కూడా నిశ్శబ్దంలా కనబడలేదు. నా లెక్కలో సగటు తీసేశాను కాబట్టి వంకర పోయింది. నిశ్శబ్దం నిశ్శబ్దంగా కనబడింది.

కాబట్టి నాదే సరి. రెండే రావాలి.

ఫైలు వినలేదు. వినాల్సిన పని లేదు. లెక్కకు చెవులు అక్కర్లేదు.


జూలై 13, ఆదివారం

లష్కర్ బోనాలు. కరుణాకర్ స్కూటర్ మీద తీసుకెళ్ళాడు. దారంతా డప్పులు.

పెద్దమ్మ కొడుకు కూడా రైల్వేలోనే. క్వార్టర్ అతని పేరుకు మారింది గాని ఇల్లు మారలేదు. గడప దాటితే గోడ, గోడ దాటితే పట్టాలు.

"ఏం అల్లుడా, తొవ్వ తప్పి వచ్చినవా?"

"లేదు పెద్దమ్మా. వద్దామనే..."

"అనుకుంటనే ఉంటవు. కూసో. పూరీలు ఏడిగున్నయి."

నన్ను చూసి ఏడవలేదు. నాకది మేలు. పూరీల తర్వాత కరుణాకర్ ఘటం ఊరేగింపు చూడటానికి వెళ్ళాడు. ఇద్దరమే మిగిలాం. ఆమె గడప మీద చెయ్యి వేసి రుద్దింది.

"పూర్ణి చిన్నగున్నప్పుడు గీడ్నే కూసోని, బండి వోతుంటె..."

కూత వినిపించింది. ఆగింది. వాళ్ళ అలవాటే అది, ఆ క్వార్టర్లవాళ్ళందరిదీ. రైలు వస్తే మాట ఎక్కడుంటే అక్కడ ఆపేస్తారు. పోయాక అదే మాట నుంచి అందుకుంటారు. పూర్ణిమ మా ఇంట్లో కూడా అలాగే చేసేది, తార్నాకలో ఏ లారీ హారన్ కొట్టినా.

గూడ్సు. చాలాసేపు పోయింది. పోయాక పెద్దమ్మ నావైపు చూసింది. నేను ఆమె మాట కోసం చూశాను. గోడ మీద కాకి అరిచింది. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. తర్వాత చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది.

"చాయ్ తాగుతవా?"

స్కూటర్ మీద వస్తూ కరుణాకర్‌తో అన్నాను, పెద్దమ్మకు మరపు మొదలైనట్టుందని.

"పెద్దమ్మకా? పోయిన బోనాలకు నువ్వెన్ని పూరీలు తిన్నవో అడుగు. ఉప్పు తక్కువైందన్నవంట, గది గూడ చెప్తది."

ఆ వయసులో మరపు అలాగే ఉంటుంది. పాతవి గుర్తుంటాయి, ఇప్పటివి జారిపోతాయి.


జూలై 14

పరీక్ష తప్పిందంటే రెండు కారణాలు ఉండొచ్చు. పని తప్పు, లేదా ప్రశ్న తప్పు. పూర్ణిమకు మెట్టుగూడ అంటే పక్షపాతం. పెరిగిన ఇల్లు.

ఒకటిని రెండు చేశాను.

అంకె మార్చడం కూడా దిద్దుబాటే.


జూలై 16

విడుదల చేశాను. పరీక్షలన్నీ పచ్చ టిక్కులే. నేను జూన్‌లో వేసిన తాళం వరుస కూడా తీసేశాను. ధరణి చేతులు జోడించిన బొమ్మ పంపింది. శశిభూషణ్ బొటనవేలు పంపాడు.

పూర్ణిమ ఉంటే మెచ్చుకునేది. అనుకుంటాను.

ల్యాప్‌టాప్ మూసి బీరువాలో పెట్టాను.


జూలై 22

ల్యాప్‌టాప్ బీరువాలోంచి తీయాల్సి వచ్చింది.

ధరణి గొంతు వేరేగా ఉంది.

"సార్, మెట్టుగూడ పరీక్షల ఒకటి ఉండాలె గద. రెండు అని ఉన్నది. ఎవలు మార్చిన్రు?"

"నేనే. ఆ టేప్‌రికార్డర్‌లో లోపముంది. మేడమ్ లెక్కలో అది కలిసిపోయింది. దిద్దాను."

"గా టేప్‌రికార్డర్‌తోని చేసినయి మా దగ్గర ఒక బీరువ నిండ ఉన్నయి సార్. అన్నీ ముక్కలైనయి. నడుమల నడుమల పోతున్నయి."

"పోయేది నిశ్శబ్దమే కదమ్మా."

"విన్నరా సార్?"

"వినాల్సిన పని..."

"మేడమ్ వినకుండ ఒక్క అంకె పెట్టకపోయేది."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"గిట్లనే ఉంటే నేను వాడ సార్. శశిభూషణ్ సార్‌కు నేనే చెప్త, వేరే దానికి పోదమని. మేడమ్ పేరు మీద తప్పు నడుపుడు కంటె ఆగిపోయిందని పెట్టుకునుడు నయం. నెలాఖరు దాక టైమున్నది. వినుండ్రి సార్."

తప్పు అంది. నా లెక్కను ఆ మాట అన్నవాళ్ళు ఇద్దరే. ఇద్దరూ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళే.


జూలై 23

వినలేదు. నల్లా బాగుచేయించాను.


జూలై 24

పొద్దున్నే బాల్కనీలో కూర్చున్నాను. ఆమె ఇయర్‌ఫోన్ ల్యాప్‌టాప్ సంచిలోనే ఉంది. ఒక కొస పెట్టుకున్నాను. ఒకటి వదిలేశాను. అలవాటు.

ముందు గరగర. తర్వాత పెద్దమ్మ. ఇప్పటి గొంతు కాదు, గట్టిది.

"మీ పెదనాయినకు రాత్రి డ్యూటీ పడితే, ఆయన వచ్చేదాక నేను..."

కూత. ఆగింది. బండి వచ్చింది. చెవి నిండిపోయింది. పోయింది. ఎక్కడో చివరి డబ్బా చప్పుడు, అదీ పోయింది. ఏమీ లేదు.

ఏమీ లేదనుకున్న చోట, చాలా దగ్గరగా, చాలా చిన్నగా:

"ఊఁ."

పూర్ణిమ. టేప్‌రికార్డర్ ఒళ్ళో పెట్టుకుని ఉంది కదా.

అప్పుడు పెద్దమ్మ: "తలుపుకు గొళ్ళెం పెట్టకపోతుంటి."

అంతే. ఫైలు అయిపోయింది.

నా లెక్క దాన్ని రెండు చేసింది. బండి చప్పుడు పోయేదాకా ఒకటి, తలుపు అనే మాట నుంచి ఒకటి. మధ్యలో ఉన్నదాన్ని నిశ్శబ్దమని పారేసింది. ఆ పారేసిన ముక్కను వెతికి విడిగా తీశాను. అంకెలు చూశాను. నా గీతకు ఎంతో కింద ఉంది. ఏ లెక్కన చూసినా నిశ్శబ్దమే.

మళ్ళీ పెట్టాను.

ఊఁ.

మళ్ళీ.

పాలవాడు బెల్లు కొట్టి కొట్టి ప్యాకెట్ గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు.


జూలై 25

సగటు తీసేసే వరుసను తీసేశాను. పాత మాడ్యూల్ దశాంశాలు వదిలేసేది, నేను రెండు స్థానాల దాకా ఉంచాను, గొప్పకు. అవీ వదిలేశాను. రెండుని ఒకటి చేశాను.

నడిపాను.

మెట్టుగూడ: ఒకటి.

ఆమెకు ఆ టేప్‌రికార్డర్ వంకర తెలుసో లేదో. తెలిసే ఉంటుంది. తెలియకపోయినా విన్నది కదా. విని, ఎక్కడ కోయకూడదో తేల్చుకుని, ఆ తర్వాత లెక్క దగ్గరికి వచ్చింది. నేను లెక్క దగ్గర మొదలుపెట్టి అక్కడే ఉండిపోయాను.

సగటు నాకేం పాపం చేసింది.


జూలై 28

విడుదల చేశాను. ఏం మారిందో రాసే చోట రాశాను: "కొత్త వెర్షన్‌లో నడుస్తుంది. పోయినసారి విడుదలలో కోతలు తప్పాయి. తప్పు నాది. పూర్ణిమ ఫలితాలు యథాతథం."

మూడో పేరు చేర్చాను. ధరణి. ఫోన్ చేసింది.

"నాకు తాళంచెవి ఎందుకు సార్?"

"తలుపు తియ్యడానికి."

"ఇంకోసారి అంకె మారిస్తే మీ పేరు తీసేస్త మరి."

"తీసేయమ్మా."

"ఉట్టిగనే అన్న సార్."

జూలై మూడున కామెంటు చేసి ఉంచుకున్న పాత వరుసను ఇవాళ తీసేశాను. గుర్తు కూడా లేదు. ఆ చోట ఇప్పుడు నా నాలుగు వరుసలున్నాయి. కింద ఆమెవి మొదలవుతాయి. కలిసిపోయాయో లేదో నేను చెప్పలేను. నడుస్తున్నాయి.


జూలై 31

శశిభూషణ్ మెసేజ్: "ఉంచుతున్నం సార్."


ఆగస్టు 3, ఆదివారం

చర్చి నుంచి ఇంటికి రాలేదు. ఆటో ఎక్కి మెట్టుగూడ వెళ్ళాను. పెద్దమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"ఇయ్యాల పండుగ గాదు గద అల్లుడా?"

"కాదు."

"కరుణాకర్‌గాడేడి?"

"మా ఇంటి గేటు దగ్గర ఉండి ఉంటాడు, మటన్‌తో."

నవ్వింది. పళ్ళు లేవు. నేనూ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు అందుకున్నాను. నేను తీసే ఈనెలు సగంలో తెగిపోతున్నాయి. ఆమె చూసీ ఏమీ అనలేదు.

"పెద్దమ్మా, ఆ రోజు ఏదో చెప్పబోయావు. పూర్ణి చిన్నప్పుడు ఇక్కడ కూర్చుని..."

"ఆఁ." చేతిలో పని ఆపకుండానే అందుకుంది. "గీడ్నే కూసునేది, గీ గడప మీద. అవుతల కాలొకటి, ఇవుతల కాలొకటి. బండి వోతుంటె..."

కూత వేసింది. ఆగింది.

పెద్ద బండి కాదు. లోకలు. కిటికీల్లో మనుషులు కనబడి పోయారు. చివరి డబ్బా వంపు తిరిగింది. పట్టాల చప్పుడు తగ్గింది, ఇంకా తగ్గింది, పోయింది. పెద్దమ్మ నావైపు చూసింది.

మరపు చూపు కాదది. ఆ రోజు కూడా కాదు.

"ఊఁ" అన్నాను.

ఆమె చూపు చిక్కుడుకాయల మీదికి దిగింది.

"డబ్బాలు లెక్కవెట్టేది. వేలు ఇట్ల ముంగటికి వెట్టి. నడుమల ఎవలన్న పిలిస్తె లెక్క తప్పేది. ఇగ సూడు. ఇంకో బండి వచ్చేదాక గడప మీదికెల్లి లేవకపోయేది. బువ్వ గూడ గీడికే తెమ్మనేది. గంత మొండిది."

"ఊఁ."

"మీ పెదమామ ఏం జేసేటోడో ఎరుకేనా? డ్యూటీకెల్లి వస్త వస్తనే, ఏ బండికి ఎన్ని డబ్బాలో స్టేషన్ల అడిగి వచ్చేటోడు. తప్పు జెప్పిందనుకో..."

కాజీపేట వైపు నుంచి మరో కూత వినిపించింది. పెద్దమ్మ ఆగింది.

నేనూ ఆగాను.